ఆరు టిక్కీల స్ప్రింగులు

మా వదినకు రెండు పిచ్చులు. ఒకటి మిరప, రెండోది వేగం. రెండూ ఒకే బండిలో ఇమడాలి కాబట్టి ఆ పొడుగు కారు కొన్నది.

వదినంటే మా ఆయన అక్క. భర్త పోయాక, దర్శికీ పొదిలికీ మధ్యనున్న మా ఊళ్ళో తన పొలమూ మా పొలమూ కలిపి తనే సాగు చేయించేది. మా ఆయనకు పొదిలిలో పురుగుమందుల కొట్టు, నాకు ఊరి బళ్ళో ఉద్యోగం. మేమిద్దరం నీడపట్టున బతుకుతున్నామంటే ఆవిడ ఎండలో ఉన్నందువల్లే.

తొంభైల చివర్లో మా వైపు కారంటే ముందొక ముక్కు, వెనకొక డిక్కీ ఉండాలి. ఈ బండికి పైకప్పు చివరిదాకా సాగి, అక్కడ తలుపులా పైకి లేచేది. వెనక సీటు మడిస్తే మంచమంత చోటు. మద్రాసులో ఎవరో సరదాపడి కొనుక్కుని, దాని పెద్ద ఇంజను తాగే పెట్రోలు చూసి బెదిరిపోయి అమ్మేసిన బండి అది. ఊళ్ళోకి తెచ్చిన రోజు ఒకాయన "శవాల బండిలా ఉందే" అన్నాడు. "అవునబ్బాయ్, నిన్నేసుకెళ్దామనే కొన్నా" అంది వదిన. ఆయన మళ్ళీ ఆ బండి ఊసెత్తలేదు.

లారీ కోసం ఎదురుచూడటం ఆవిడకు చేతకాదు. మొదటి కోత కాయ ఎండగానే సీటు మడిచి ఆరు టిక్కీలు వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు బయలుదేరేది. మిరపకాయను తొక్కి కుట్టిన పెద్ద గోనెబస్తాను మావాళ్ళు టిక్కీ అంటారు. ఆరు ఎక్కితే బండి వెనక భాగం కుంగిపోయి, ముందు దీపాలు రోడ్డును వదిలేసి చెట్ల కొమ్మల్లోకి చూసేవి. అందుకని వదిన వెనక స్ప్రింగు చుట్ల మధ్య గట్టి రబ్బరు ముక్కలు ఇరికించింది. బండి కుంగటం మానేసింది. మెత్తదనం కూడా మానేసింది. అయినా ఆవిడకు అదే గొప్ప. బయలుదేరే ముందు ప్రతిసారీ వెనక బంపరు మీద రెండు చేతులూ పెట్టి, ఒళ్ళంతా బరువేసి ఒక్క అదుము అదిమేది. "చూశావా, కదలదు" అని చేతులు దులుపుకునేది.

ఆ బండికి నేనెంత రుణపడి ఉన్నానో చెప్పాలి. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు, ఇంకా నెలలు నిండకుండానే ఒక మధ్యాహ్నం నాకు రక్తం కనపడింది. పొదిలి డాక్టరమ్మ చూసి, ఇక్కడ కాదు, గుంటూరు తీసుకెళ్ళండి, ఆలస్యం చేయొద్దు అంది. వదిన బండిలో ఇంకా రెండు టిక్కీలున్నాయి. వాటిని దించి ఎవరికైనా అప్పజెప్పే తీరిక కూడా లేదనుకుందేమో, ఆసుపత్రి ముందే రోడ్డు పక్కకు దొర్లించేసింది. మిరపకాయ ఒక్కటి కింద పడితే వంగి ఏరుకునే మనిషి! నన్ను పడుకోబెట్టి, "కళ్ళు మూసుకో అమ్మాయ్, తోలేది నేను" అంది. మూసుకున్నాను. ఇంజను అరుపు, హారను, వదిన బస్సు డ్రైవర్లను తిట్టే తిట్లు మాత్రం వినపడ్డాయి. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరిలో ఒక్కరే మిగిలేవాళ్ళని గుంటూరులో అన్నారు. ఆ తర్వాత ఆ ఇంజనుకు నేను దణ్ణం పెట్టుకుంటే మా ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వాడు.

అమ్మాయి నడవటం మొదలుపెట్టాక వదిన నాకు డ్రైవింగు నేర్పింది. పంట తీసేసిన చేలో మొదలుపెట్టి, రోడ్డు మీదికి తెచ్చింది. నేర్పటమంటే తిట్టడమే. "ఏందే ఆ తోలటం, పెళ్ళికూతుర్ని ఊరేగిస్తన్నావా" అనేది. నేనెప్పటికీ ఆవిడంత వేగంగా తోలలేదు.

అలా ఏళ్ళు గడిచాయి, బండి కూడా అరిగింది. మా రోడ్లు నల్లరేగడి మీద వేసినవి. వానకు నేల ఉబ్బుతుంది, ఎండకు బీటలిచ్చి దిగుతుంది, పైనున్న తారు దాంతోపాటే లేచి పడుతుంది. అందుకే గుంటలకన్నా అలలెక్కువ. అల దాటగానే స్ప్రింగు బండిని ఎగరేస్తుంది, ఆ ఎగురును పట్టుకుని ఆపాల్సింది షాక్ అబ్జార్బరు. మా బండి షాకుల్లో ఆయిలు ఎప్పుడో కారిపోయింది. ఇరుసుల దగ్గరుండే రబ్బరు బుష్షులు చీలిపోయాయి. ఒక అల దాటాక తర్వాతి అల వచ్చేదాకా ఎగురుతూనే ఉండేది. వదినకు చెబితే, "ఇంజను బాగుందిగా" అనేది.

అప్పుడు జరిగింది అది. రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు, కల్లంలో లారీకి లోడెత్తుతుంటే ఉన్నట్టుండి మబ్బు పట్టింది. కాయ తడిస్తే ఏడాది కష్టం పోయినట్టే. కూలీలు టార్పాలిను పట్టా విప్పేలోపే వదిన దాని అంచు పట్టుకుని లోడు మీదికెక్కేసింది. గాలికి పట్టా ఎగిరింది, దాంతో ఆవిడా ఎగిరింది. వెల్లకిలా పడింది.

నడుం దగ్గర వెన్నుపూస విరిగింది. గుంటూరు దాకా తీసుకెళ్ళిన అంబులెన్సు పేరుకే అంబులెన్సు, సామాన్ల వ్యాను మీద ఎర్ర దీపం పెట్టినట్టుండేది. ప్రతి అలకూ వదిన అరిచింది. ఆవిడ అరవటం నేను ఎన్నడూ వినలేదు, ఎదుటివాళ్ళ మీద తప్ప. ఆపరేషను చేసి లోపల రాడ్లు, స్క్రూలు వేశారు. చచ్చుబడిన కాళ్ళలో కొన్నాళ్ళకు కుడి కాలి బొటనవేలు కొద్దిగా కదిలింది. డాక్టరుగారు రోజూ వచ్చి ఆ వేలు కదిలించమనేవారు, మేం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం.

ఇంటికి పంపిస్తామన్న రోజు ఆయన మమ్మల్ని పక్కకు పిలిచారు. "కాలికి స్పర్శ ఇప్పుడిప్పుడే వస్తోంది. ఎముక ఇంకా అతుక్కోలేదు. పెద్ద కుదుపు తగిలితే వచ్చింది పోవచ్చు. పడుకోబెట్టి, మెల్లగా తీసుకెళ్ళండి. వారం టైముంది, ఏర్పాటు చేసుకోండి" అన్నారు.

గుంటూరులోనే ఇల్లు తీసుకుందామన్నాం. "నా కల్లం నాకు కనపడకపోతే, ఈ కాళ్ళు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే" అంది వదిన. పోనీ మంచి వ్యాను మాట్లాడతామన్నాం. "నా బండిలోనే వస్తా" అని గోడవైపు తిరుగుదామనుకుంది. తిరగలేక కళ్ళు మూసుకుంది.

ఆ సాయంత్రమే బండిని భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాం. భాయ్ అంటే గుంటూరులో ఆ బండిని మొదట్నుంచీ చూస్తున్న మెకానిక్కు. పెద్ద గొంతు, పెద్ద పొట్ట, తన పని మీద అంతకన్నా పెద్ద నమ్మకం. వదిన సంగతి వినగానే ఆ గొంతు కాస్తా పడిపోయింది. "అమ్మగారికి నేను చేస్తానమ్మా. మొత్తం కొత్తది వేద్దాం. షాకులు గ్యాసువి తెప్పిస్తా, బుష్షులన్నీ మారుస్తా, స్ప్రింగులు కూడా మారుద్దాం. ఎంత లోడు వేస్తారు సార్?" అని మా ఆయన్ని అడిగాడు.

మా ఆయన ఆలోచించకుండా, "ఆరు టిక్కీలు" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. నాకూ తప్పనిపించలేదు. మావైపు బండిని టిక్కీలతోనే కొలుస్తాం. ట్రాక్టరైనా, ఆటో అయినా, పెళ్ళికి మాట్లాడుకునే వ్యానైనా ముందు అడిగేది ఎన్ని పడతాయనే. మనుషులు ఎలాగూ సర్దుకుంటారు.

మూడో రోజుకు మద్రాసు నుంచి సామాను వచ్చింది. పందాల బండ్లకు వేసే రకం స్ప్రింగులట, ఎర్రరంగువి. భాయ్ వాటిని కొత్త అల్లుణ్ణి చూపించినట్టు చూపించాడు. బిగించాక బండి వెనక భాగం రెండంగుళాలు లేచి నిలబడింది. మా ఆయన బంపరు మీద కూర్చుని చూశాడు, కదల్లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు.

"నేను వెనక పడుకుంటాను, ఇంటిదాకా తోలండి" అన్నాను. వదినా నేనూ ఒకే ఒడ్డూ పొడుగూ. ఆవిడ ఎలా వస్తుందో చూడాలంటే ఆవిడ చోట్లో నేనుండటమే దారి. మా పత్తితో కుట్టించిన కొత్త పరుపు వేసుకుని, కాళ్ళు వెనక తలుపు వైపు పెట్టి పడుకున్నాను.

చిలకలూరిపేట దాకా హైవే కాబట్టి బాగానే ఉంది. అద్దంకి దాటాక నా పళ్ళు టకటకలాడాయి. పడుకున్న మనిషికి రోడ్డు కనపడదు, ఎప్పుడు ఏమొస్తుందో తెలియదు. వేపకొమ్మలు, కరెంటు తీగలు, ఆకాశం కనపడుతూ ఉంటాయి, ఉన్నట్టుండి వీపు కింద ఎవరో గునపంతో పొడిచినట్టవుతుంది. దర్శి చేరేసరికి నాకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు, ఆ పొడుపు వదిన స్క్రూల మీద పడినట్టు తోచి.

"ఆపండీ! దీనికన్నా ఆ ఎర్రదీపం వ్యానే నయం" అని అరిచాను.

మా ఆయన బండి ఆపి, దిగి, చక్రాలు చూసి, తల గోక్కున్నాడు. "బరువు లేదు కదా, అందుకే ఎగురుతోంది. బరువేస్తే కూర్చుంటుంది" అన్నాడు. ఇంట్లో బరువుకేం కొదవ? మర్నాడు తిరుగు ప్రయాణంలో కల్లంలో మిగిలిన ఆరు టిక్కీలూ తెచ్చి నా చుట్టూ పేర్చాడు. అటు మూడు, ఇటు మూడు, మధ్యలో నేను.

నిజంగానే కూర్చుంది. అలల మీద బండి పడవలా పోయింది. మా ఆయన ముందు నుంచి "ఎలా ఉంది?" అని గర్వంగా అడిగాడు. బాగుందని చెప్పబోతే నోట్లోంచి మాట రాలేదు, తుమ్ము వచ్చింది. ఒకటి కాదు. అద్దాలు దించినా లాభం లేదు, గాలికి ఘాటు ఇంకా రేగింది. మిరప మధ్య పుట్టి పెరిగినదాన్ని నేనే ఆగకుండా తుమ్మితే, చివరి తుమ్ముకు ఆరోగ్యంగా ఉన్న నా నడుమే పట్టేసింది. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నడుం నిండా స్క్రూలున్న మనిషి తుమ్మితే?

మా ఆయన మొహం మాడ్చుకుని టిక్కీలన్నీ యార్డులో దించేశాడు. నేను ఎర్రటి కళ్ళతో, కారే ముక్కుతో తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాను. నన్ను చూసి వదిన కంగారుపడింది. "ఏందే, ఎవరికేమైంది?"

జరిగిందంతా చెప్పాను. ఆవిడకు నవ్వొచ్చింది, నవ్వితే నొప్పి వచ్చింది, ఆ నొప్పికి నన్ను తిట్టింది. తిట్టడం అయ్యాక పైకప్పు వైపు చూపు తిప్పింది.

"ఆ బండి కొన్నప్పుడు ఎట్టుండేదో నీకు తెలియదు" అంది. "మద్రాసు నుంచి నేనే తోలుకొచ్చా. ఎంత వేగం పోయినా లోపలున్నోళ్ళకి తెలిసేది కాదు. రబ్బర్లు ఇరికించి నేనే పాడుచేశా. మిరపకాయ మొయ్యాలిగా మరి. పాత స్ప్రింగులు పారేశారా?"

నాకు తెలియదు. ఆటో ఎక్కి భాయ్ షాపుకు పరుగెత్తాను. పాత స్ప్రింగులు గోడకు మేకుకు వేలాడుతున్నాయి, రబ్బరు ముక్కలు ఇంకా వాటిలోనే ఉన్నాయి. వాటిని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

భాయ్‌కి మాత్రం మనసు కష్టమైంది. "పందాల స్ప్రింగులమ్మా అవి!" అన్నాడు. "మీరు లోడంటే లోడు చూసి వేశా. అమ్మగారొక్కరే అని చెప్పలేదుగా." అదీ నిజమే. కాసేపు గొణుక్కుని, పాతవి దించి, రబ్బర్లు పీకి, స్ప్రింగులకు ఎక్కడా బీట లేదని రుద్ది రుద్ది చూశాడు. కొత్త గ్యాసు షాకులు ఉంచి, వాటితో పాత స్ప్రింగులు బిగించాడు. ఆ తర్వాత మమ్మల్ని పిలిచాడు.

"బుష్షుల బోల్టులు మాత్రం మీరు ఎక్కాకే బిగిస్తా. బండి జాకీ మీద వేలాడేటప్పుడు బిగిస్తే, కిందికి దించాక లోపలి రబ్బరు మెలిపడిపోద్ది. ఆ మెలి ప్రతి గుంటలోనూ ఎదురు తంతది. ప్రయాణంలో ఎవరెక్కడ ఉంటారో అట్టాగే ఎక్కండి."

బండిని నేలలో తవ్విన గుంత మీదికి తెచ్చి ఆపాడు. వదిన చోట్లో నేను పడుకున్నాను. ఆవిణ్ణి పట్టుకోవాల్సింది మా ఆయన కాబట్టి ఆయన నా పక్కన కూర్చున్నాడు. తోలేది నేనేనని అప్పటికే పట్టుబట్టాను. ఏ అల నడుముకు ఎక్కడ తగులుతుందో ఆ దారిలో వెనక పడుకుని వచ్చినదానికే తెలుసు. మరి నా చోట్లో ఎవరు? అన్నం క్యారేజీ తెచ్చిన భాయ్ భార్యను ఎక్కించాడు. పుట్టి బుద్ధెరిగి స్టీరింగు ముట్టని ఆవిడ, దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఎదురుగా ఉన్న గోడను రెప్పవేయకుండా చూస్తూ కూర్చుంది. మా కింద గుంతలో భాయ్ ఒక్కో బోల్టూ బిగిస్తూ, "కదలకండి, అమ్మగారు కదలరుగా" అని అరుస్తున్నాడు. పైకప్పు వైపు చూస్తూ పడుకున్న నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఒక మనిషి నొప్పి లేకుండా ఇల్లు చేరటానికి ఇంతమందిమి ఆవిడ బరువును అభినయిస్తున్నాం. ఆ క్షణంలో ఆ షాపులో ఉన్న అందరి మీదా నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

ఇంకోసారి ఇంటిదాకా పడుకుని వెళ్ళి వచ్చాను. ఈసారి అల వచ్చిందని తెలిసింది, అంతే. బండి ఒకసారి దిగి, ఒకసారి లేచి, ఆగిపోయేది.

వదినను తీసుకెళ్ళే రోజు పొద్దున్నే భాయ్ ఆసుపత్రికి వచ్చేశాడు. తన స్కూటరు మీద మా ముందు వెళుతూ, ఊరి చివరిదాకా ఆటోలనూ రిక్షాలనూ చెయ్యి ఊపి పక్కకు తప్పించాడు. ఎదురొచ్చిన బస్సు డ్రైవరుతో పోట్లాట కూడా పెట్టుకున్నాడు. హైవే ఎక్కే చోట స్కూటరు ఆపి, చేయి గుండెల మీద పెట్టుకుని నిలబడ్డాడు. అద్దంలో చిన్నగా అయ్యేదాకా అలాగే ఉన్నాడు.

ఇంజను మాత్రం పాత గుర్రమే. కాలు కొంచెం నొక్కితే చాలు, ముందుకు ఉరుకుతాననేది. వద్దు తల్లీ, ఈ ఒక్కరోజు ఆగమని బతిమాలుకుంటూ తోలాను. ఎడ్లబండి కూడా మమ్మల్ని దాటిపోయింది. చిలకలూరిపేటలో ఆపి వెనక తలుపెత్తాను. "వదినా, వేలు" అన్నాను. బొటనవేలు కదిలింది. అద్దంకిలో ఆపాను. కదిలింది. "బండి తోలతన్నావా, నా వేలు ఆడిస్తన్నావా" అని విసుక్కుంది. ఆ విసుగు వింటే నాకు ధైర్యం.

అద్దంకి దాటాక వెనక నుంచి మాట లేదు. ఒక్కో అల దగ్గరా బ్రేకు మీద కాలు వేసి, నా నడుముతో గుర్తుపట్టి, దాన్ని దాటించాను. దర్శిలో ఆపాలనుకుని ఆపలేదు. ఆపితే ఏం కనపడుతుందోనని భయమేసింది. మా ఆయన కూడా ఆపమనలేదు. ఆవిడ మూసుకున్న కళ్ళు చూసి ఆయనకూ అదే భయమని తర్వాత చెప్పాడు.

కల్లం పక్కన బండి ఆపి, దిగి, వెనకకు నడిచాను. తలుపు ఎత్తటానికి చెయ్యి రాలేదు. అద్దంలోంచి ముందుగా ఆవిడ పాదాలు కనపడ్డాయి. ఎవరూ అడగకుండానే బొటనవేలు కదులుతోంది. ఒక్క వేలే కాదు, పక్కన ఇంకో రెండు కూడా. తలుపెత్తేసరికి వదిన కళ్ళు నులుముకుంటోంది.

"అద్దంకి దాటామా?" అంది.

ఆ రోడ్డు మీది ప్రతి ఎగుడునూ దిగుడునూ పేరు పెట్టి పిలవగల మనిషి. నేను అక్కడే ఆవిడ పాదాలు పట్టుకుని ఏడ్చాను. "ఏమైందిరా దీనికి?" అని తమ్ముణ్ణి అడిగింది. ఆయనా ఏడుస్తున్నాడు. తల కొంచెం తిప్పితే ఆవిడకు కల్లం కనపడింది.

నడవటానికి ఏడాదికి దగ్గర పట్టింది. మొదట గోడ పట్టుకుని, ఆ పైన నన్ను పట్టుకుని, చివరికి కర్ర పట్టుకుని. మళ్ళీ మొదటి కోత కాయ ఎండుతున్న రోజుల్లో, ఒక ఉదయం నేను బడికి బయలుదేరుతుంటే వదిన మెట్లు దిగి బండి దగ్గరికి వెళ్ళింది. కర్ర నా చేతికిచ్చింది. వెనక బంపరు మీద రెండు చేతులూ పెట్టి, ఒళ్ళంతా బరువేసి, ఒక్క అదుము అదిమింది.

బండి కిందికి దిగింది. ఒకసారి లేచింది. ఆగింది. వదిన చేతులు దులుపుకుంది. కర్ర కోసం చెయ్యి చాపుతుందేమోనని ముందుకు వెళ్ళాను.

"దాన్ని అరుగు మీద పడేయ్" అంది. "తాళాలు పట్రా."

బడికి సెలవని కబురు పంపి తాళాలు తెచ్చాను. స్టీరింగు ముందు మాత్రం నేనే కూర్చున్నాను. ఆవిడ పక్క సీట్లో కూర్చుని, పొదిలి దాకా, పెళ్ళికూతుర్ని ఊరేగిస్తన్నావా అని తిడుతూనే ఉంది.